పొలిమేర దాటిన నంబరు

మా కంబదూరులో పావగడ వైపు బస్సెక్కితే మూడు కునుకులు తీసేలోపల రాష్ట్రం మారిపోతుంది. మారినట్టు కంటికి మాత్రం ఏమీ కనబడదు. అదే ఎర్రనేల, అవే బోడిగుట్టలు, వాన పడితే పండి పడకపోతే ఎండిపోయే అదే శనక్కాయ చేను. బస్సులో ఆడవాళ్ళ మాటల్లో తెలుగు ఎక్కడ ఆగి కన్నడం ఎక్కడ మొదలైందో, తెలుగులో ఎం.ఏ. చేసి ఇరవై యేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్న నాకే అంతుబట్టదు. కాని జేబులో ఫోను మాత్రం టక్కున కనిపెడుతుంది. ఒక్కసారి ఉలిక్కిపడినట్టు అదిరి, కర్నాటకకు స్వాగతం అని మనకొక సందేశం వినిపిస్తుంది. పూర్వం పొలిమేర దగ్గర పోతురాజు వుండేవాడంటారు. ఇప్పుడు ఆ వుద్యోగం సెల్‌ఫోను టవరు చేస్తున్నది.

మా ఊరిని గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మల్లికార్జునుని పాత గుడి వున్న ఊరు మాది. చాళుక్యుల కాలపు పనితనం అని చూసినవారు చెబుతారు. ఇంకా వెనక్కు పోతే ఈ ప్రాంతం యావత్తూ నొళంబుల రాజ్యం. వారి రాజధాని హేమావతి ఇప్పుడు మన వైపు వుంది. వారు ఏలిన నేలలో పెద్ద భాగం కర్నాటక వైపు వుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి మైసూరు పాలైంది, అనంతపురం మనకు మిగిలింది. పావగడ తాలూకా మూడు వైపులా తెలుగు నేల చుట్టుకుని, చెయ్యి చాచినట్టు మన జిల్లాలోకి పొడుచుకొచ్చి వుంటుంది. ఆ గీతలు గీసినవారికి సెల్‌ఫోను సంగతి తెలియదు గదా. తెలిసివుంటే మా మీద కొంచెం దయ తలచేవారు కాబోలు.

ఎందుకంటే సెల్‌ఫోను కంపెనీలకు భారతదేశం ఒక్క దేశం కాదు, 22 దేశాలు. వాటికి సర్కిళ్ళని పేరు. ఆంధ్రప్రదేశ్ ఒక సర్కిలు, కర్నాటక ఒక సర్కిలు. 2014లో మన రాష్ట్రం రెండైనా సర్కిలు మాత్రం ఒకటే మిగిలింది. హైదరాబాదుకూ మనకూ మధ్య నీళ్ళ దగ్గర తగువులున్నాయి గాని ఫోను దగ్గర లేవు. మాకు వందల కిలోమీటర్ల దూరంలో వుండే ఆదిలాబాదు సొంత ఇల్లూ, కంటికెదురుగా వుండే పావగడ పరాయి ఇల్లూ అయ్యాయి.

పరాయి ఇంట్లో కాలుపెడితే కట్టవలసిన సుంకం పేరే రోమింగు. ఈ మాటకు తెలుగేమిటని విద్యార్థులు నన్నడుగుతుంటారు. సంచారమంటే సన్యాసులు గుర్తుకొస్తారు. తిరుగుడు అంటే వినడానికి బాగుండదు. రోమింగు అనే మా ఊళ్ళో అంటారు. ‘రోమింగు పడింది’ అంటారు. పిడుగు పడింది, ఎండు తెగులు పడింది అన్నట్టుగానే అంటారు. ఈ వ్యాసం ఆ పడడాన్ని గురించీ, అది పడడం మానేసిన తరవాత కూడా మా మనుషుల్లో మిగిలిపోయిన భయాన్ని గురించీ. అందులో నా తప్పు కూడా కొంత వుంది గనక రాస్తున్నాను.

మా ఇంటి పక్కన ఒక రైతు వున్నాడు. రక్తసంబంధం లేదు గాని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నాకు చిన్నాయన. అయిదెకరాల మెట్ట. సాలుకు 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. వానలేమిలో జైసల్మేరు తరవాత మేమేనని చెప్పుకుంటాం. శనక్కాయ పోయిన ఏడాది చిన్నాయన బెంగుళూరికి పోతాడు. అక్కడ కట్టే మేడలకు కాపలా వుంటాడు. వానాకాలం ముంగిట తిరిగొస్తాడు. ఆయన ఒక్కడే కాదు, మా వైపు ఎన్నో ఇళ్ళకు తాళాలు వేసే వుంటాయి. 2012లో అనుకుంటాను, మొదటిసారి ఫోను కొనుక్కుని పోతూ నా దగ్గరికి వచ్చాడు.

“సదువుకున్నోడివి, జర చెప్పప్పా. ఈ పోను బెంగుళూరులో పలుకుతాదా?”

“పలుకుతుంది చిన్నాయనా. కాని పావగడ దాటగానే ఆపెయ్యి. అవతల నువ్వు మాట్లాడినా డబ్బే, నీకు ఫోనొచ్చి ఎత్తినా డబ్బే. అవసరమైనప్పుడు మాత్రం పెట్టుకో.”

ఆ రోజున నేను చెప్పింది అక్షరాలా నిజం. మన దేశంలో సెల్‌ఫోను 1995లో వచ్చింది. మొదట్లో వచ్చిన ఫోను ఎత్తినా డబ్బే. 2003 మే 1న సొంత సర్కిలులో ఆ బాధ తీరింది గాని పరాయి సర్కిలులో తీరలేదు. టెలికాం నియంత్రణ సంస్థ — ట్రాయ్ అని అందరూ పిలిచేది — 2007లో విధించిన గరిష్ఠ ధరల ప్రకారం రోమింగులో ఎత్తిన ఫోనుకు నిమిషానికి రూపాయి ముప్పావలా. కాపలా కూలి మీద బతికేవాడికి పది నిమిషాలు పెళ్ళాం గొంతు వినాలంటే పదిహేడున్నర రూపాయలు. ఇంటర్నెట్టు ఊసు చెప్పనక్కరలేదు. చాలా ప్యాకులు సొంత సర్కిలు గడప దాటితే చెల్లేవి కావు. ప్యాకు వుంది గదా అని పొలిమేర అవతల ఒక ఫొటో తెరిచి చూసి, ఉన్న నిలవ కాస్తా హరించుకుపోగా తలపట్టుకున్నవాళ్ళు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు.

ఈ సుంకం ఎందుకు పుట్టిందో కాస్త చూద్దాం. ఫోను పరాయి టవరు కిందికి పోగానే ఆ టవరు ఊరుకోదు. నంబరు చూసి దాని పుట్టింటికి కబురు పెడుతుంది: “ఈ మనిషి మీ వాడేనా? ఇతనికి అన్నం పెట్టవచ్చునా? డబ్బు మీరిస్తారా?” పుట్టింటి కంపెనీ దగ్గర ఒక పెద్ద పద్దు పుస్తకం వుంటుంది. అది చూసి ఔనని జవాబిస్తే, ఇవతలి కంపెనీ తన అతిథుల చిట్టాలో మన పేరు రాసుకుంటుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపల జరిగిపోతుంది. అచ్చం పాతకాలపు సత్రంలో గుమాస్తా పేరు, ఊరు రాసుకుని చాప ఇచ్చినట్టు. మనం తిన్న అన్నానికి మెతుకు మెతుకున లెక్క కట్టి, ఇవతలి కంపెనీ అవతలి కంపెనీకి చీటీ పంపుతుంది. అంటే రోమింగులో మనం వాడే ప్రతి మెగాబైటుకూ మన కంపెనీ ఇంకొకరికి బాకీ పడుతుందన్నమాట. రోమింగు డేటాకు కంపెనీలు కట్టే హద్దులన్నిటికీ మూలం ఇదే. సొంత టవరు మీద మనం ఎంత వాడినా వారికి చేతినుంచి పోయేది తక్కువ; పరాయి టవరు మీద వాడితే రొక్కం పోతుంది.

ఈ సంగతి మా మేనల్లుడి వల్ల నాకు బాగా తెలిసివచ్చింది. డల్లాసులో ఉద్యోగం. వాళ్ళ చెల్లెలి పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగాడు. అమెరికా సిమ్ముతోనే వచ్చాడు. అన్ని దేశాల్లోనూ ఇంటర్నెట్టు వుచితమే మామయ్యా అన్నాడు. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజున ఆఫీసువారితో ముఖాముఖీ మాట్లాడవలసి వచ్చింది. తెర మీద ఆఫీసరు ముఖం సగం దిగి అక్కడే ఆగిపోయింది. టవరు బాగుంటుందేమోనని మేడెక్కాడు, గుడి దాకా నడిచాడు, చివరికి పెళ్ళి పందిరి వేసే కుర్రాడి ఫోను అరువు తీసుకుని ఆ కుర్రాడి డేటాతో అమెరికా ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. తీరా ఆ ప్లాను షరతులు చదివితే, వుచితమన్న మాట నిజమే; వేగంగా వచ్చేది ఒక కొలత వరకే, ఆపైన నత్తనడక అని సన్నటి అక్షరాల్లో వుంది. పైగా విదేశీ సిమ్ము సాధారణంగా ఇంటర్నెట్టును పుట్టింటి మీదుగానే తెప్పిస్తుంది. మా వీధిలో కూర్చుని కల్యాణదుర్గంలో వాన పడుతుందా అని అడిగినా, ఆ ప్రశ్న సముద్రాలు దాటి అమెరికా పోయి, అక్కడి గుమ్మం తొక్కి, మళ్ళీ మా వీధికి రావాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ అమెరికాలో సొంత దేశంలోపల కూడా ఈ తగువు తీరలేదట. దేశం విశాలం, అన్నిచోట్లా అందరికీ టవర్లుండవు. తనకు టవరు లేనిచోట ఇంకొకరి టవరు మీద నడిపే కంపెనీలు, రోమింగు డేటాకు వేరే చిన్న కొలత పెడతాయి. నెలలో ఎక్కువ భాగం పరాయి టవరు మీదే బతికే ఖాతాదారును, నువ్వు మాకు గిట్టవని పంపించే హక్కు కూడా ఒప్పందంలో రాసుకుంటాయి. పల్లెలో కాపురమున్నవాడి పాపం అది. ఐరోపా సమాఖ్యవారు మాత్రం 2017 జూన్ 15 నుంచి సభ్యదేశాల మధ్య రోమింగు రుసుము ఎత్తేశారు. 2022లో ఆ చట్టాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. అక్కడా ఒక మెలిక వుంది. నాలుగు నెలలు లెక్కచూసి, సొంత దేశంలో కంటె పరదేశంలోనే ఎక్కువగా వుంటూ, ఎక్కువగా వాడుతున్నావని తేలితే సంజాయిషీ అడగవచ్చు. చౌకగా దొరికే దేశంలో సిమ్ము కొని ఖరీదైన దేశంలో కాపురం పెట్టేవారి కోసం ఆ కంచె. అల్లుడు పండక్కి వస్తే మర్యాద, ఆరు నెలలుంటే సంజాయిషీ.

మన దేశంలో ఈ కథ ఇంకొక దారి పట్టింది. ట్రాయ్ 2013 జూలైలో రోమింగు ధరలు తగ్గించి, ఎత్తిన ఫోనుకు 75 పైసలు గరిష్ఠమన్నది. 2015 మేలో దాన్ని 45 పైసలు చేసింది. ఆ ఏడాది జూన్ 15 నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. వచ్చే ఫోన్లకు రోమింగు రుసుము పూర్తిగా తీసేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. దేశమంతా ఒకే ఇల్లన్నది. 2017లో తక్కిన పెద్ద కంపెనీలూ దిగివచ్చాయి. ఏప్రిల్ 1 నుంచి తనకు రోమింగు లేదని ఎయిర్‌టెల్ ప్రకటించింది. దానితో పావగడ దగ్గర సుంకం గేటు లేచిపోయింది. రోజుకు ఒకటిన్నర జి.బి. అని కొనుక్కుంటే కంబదూరులోనూ అంతే, బెంగుళూరులోనూ అంతే. కొలత అయిపోతే వేగం పడిపోయి, ఎద్దుబండి నడక నడవడం కూడా రెండుచోట్లా సమానమే.

ఒక్కచోట మాత్రం పాత గేటు ఇంకా వుంది. జమ్మూ కాశ్మీరులో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచెయ్యవు; బిల్లు కట్టే పోస్టుపెయిడ్ సిమ్ములైతేనే పలుకుతాయి. వైష్ణోదేవికీ అమరనాథుకూ పోయేవారు చీకట్లో పడకుండా ముందే చూసుకోవాలి. మా కాలేజీ గుమాస్తాగారు సకుటుంబంగా పోయి, మూడు రోజులు ఆచూకీ లేక, ఇక్కడ వారి తల్లిని ఏడిపించారు.

సుంకం గేటు లేచిందని పత్రికల్లో నేను చదివాను. స్టాఫ్ రూములో చర్చించాను కూడా. పక్కింటికి పోయి చిన్నాయనకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. నా పాత మాటే వేదంగా పెట్టుకుని, ఆయన ప్రతి ఏటా బస్సు పావగడ చేరేసరికి ఫోను ఆపేసేవాడు. ఆదివారం సాయంకాలం ఒక్క గంట తెరిచేవాడు. చిన్నమ్మ ఆ గంట కోసం వాకిట్లో కూర్చుని వుండడం నేను ఎన్నిసార్లు చూశానో! ఫోను పాడైందేమో అనుకున్నాను గాని కారణం నేనే అనుకోలేదు.

2022లో ఆయన పనిచేసే మేడ దగ్గర గొడుగు కింద బల్ల వేసుకుని సిమ్ములమ్మే కుర్రాడొకడు, ఇక్కడి సిమ్ము తీసుకుంటే నీకు రోమింగు పడదు తాతా అన్నాడట. అసలు పడనిదాన్ని పడకుండా చేస్తానన్నాడు. పదేళ్ళ భయం తీరిపోతుందని చిన్నాయన సంతోషంగా తీసుకున్నాడు. పాత సిమ్మును కాగితంలో మడిచి వక్కాకు సంచిలో పెట్టుకున్నాడు.

ఆ కుర్రాడు చెప్పని సంగతి ఒకటుంది. నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకోవచ్చు, సర్కిలూ మార్చుకోవచ్చు. లోకంలో ఇది మొదట సింగపూరులో 1997లో వచ్చింది. మన దేశంలో 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. అప్పట్లో సర్కిలు లోపల మాత్రమే. 2015 జూలై 3 నుంచి ఏ సర్కిలునుంచి ఏ సర్కిలుకైనా. దీన్ని పోర్టింగు అంటున్నారు. నన్నడిగితే ఇల్లరికం అంటాను. ఇల్లరికపు అల్లుడు ఇంటిపేరు మార్చుకోడు; అన్నం మాత్రం మామగారింట్లో తింటాడు. పూర్వం నంబరు చూసి ఇంటిపేరు చెప్పేవాళ్ళం. 94400 అంటే బి.ఎస్.ఎన్.ఎల్. ఆంధ్ర, 98480 అంటే ఒకరు, 98490 అంటే ఇంకొకరు, 98450 అంటే బెంగుళూరు మనిషి. ఇప్పుడు ఆ జోస్యం చెల్లదు. ఇంటిపేరు కస్తూరివారనే సామెత ఈ నంబర్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

మరి ఇల్లు మారిన నంబరుకు ఫోను చేస్తే ఎక్కడికి పోవాలో ఎట్లా తెలుస్తుంది? దేశాన్ని రెండు మండలాలు చేసి, ఒక్కొక్కదానికి ఒక మధ్యవర్తి సంస్థను పెట్టారు. ఏ నంబరు ఎప్పుడు ఏ ఇంటికి మారిందో వాటి దగ్గర పద్దు వుంటుంది. కంపెనీలన్నీ ఆ పద్దుకు నకళ్ళు వుంచుకుంటాయి. ఫోను చేసినవాడి కంపెనీ ముందు ఆ పద్దు చూసి, అప్పుడు తలుపు తడుతుంది. విడిచిపెట్టే కంపెనీకి దాత అనీ, చేర్చుకునే కంపెనీకి గ్రహీత అనీ అర్థం వచ్చే పేర్లు పెట్టారు. ఖాతాదారును దానం చేసే కంపెనీని నేనింతవరకు చూడలేదు. పోతామని తెలియగానే ఫోను మీద ఫోను చేసి, ఇంతకు ముందెన్నడూ లేని మర్యాదలు చేస్తారు.

పద్ధతి మాత్రం కష్టం కాదు. పోర్ట్ అనే ఇంగ్లీషు మాట కొట్టి, కాస్త ఎడం విడిచి, మన పది అంకెల నంబరు కొట్టి 1900కు సందేశం పంపాలి. ఎనిమిది అక్షరాల సంకేతమొకటి వస్తుంది. మన వైపు దానికి నాలుగు రోజులే ఆయుష్షు. ఆలోపల గుర్తింపు కాగితాలతో కొత్త కంపెనీ దుకాణానికి పోవాలి. 2019 డిసెంబరు 16 నుంచి అమలైన నియమాల ప్రకారం, ఒకే సర్కిలులో అయితే మూడు పనిదినాలు, సర్కిలు మారితే అయిదు. మార్పు జరిగే వేళ కొన్ని గంటలు ఫోను మూగబోతుంది, కంగారు పడనక్కరలేదు. పాత ఖాతాలో మిగిలిన ప్రీపెయిడ్ డబ్బు మాత్రం దక్కదు. పోస్టుపెయిడ్ బాకీ వుంటే సంకేతమే రాదు. చేరిన కంపెనీలో 90 రోజులు కాపురం చెయ్యనిదే ఇంకొక కంపెనీకి పోనివ్వరు. 2024 జూలై 1 నుంచి ఇంకొక నియమం చేరింది: సిమ్ము పోయిందని కొత్తది తీసుకున్నవారు ఏడు రోజులదాకా పోర్టు చెయ్యడానికి వీల్లేదు. మన సిమ్ముకు దొంగతనంగా నకలు తీయించి, వెంటనే ఇంకొక కంపెనీకి మార్చి, బ్యాంకు ఊడ్చేసే ఘనులు బయలుదేరినందువల్ల.

ఆ 90 రోజుల నియమాన్ని తేలికగా తీసుకోకూడదు. 2024 జూలై మొదటివారంలో ప్రైవేటు కంపెనీలు మూడూ ధరలు పెంచాయి. జనం కోపంగా బి.ఎస్.ఎన్.ఎల్. వైపు నడిచారు, ఆ ఒక్క నెలలోనే దానికి సుమారు 29 లక్షలమంది కొత్తగా చేరారు. ఆ ఊపులో కంపెనీ మారిన మా సహోద్యోగి ఒకరికి, ఇంటికి పోయాక తెలిసింది — కొత్త కంపెనీ సంకేతం వారి వీధి మొదట్లోనే ఆగిపోతుందని. (ఏ కంపెనీ అన్నది అప్రస్తుతం, ఏ కంపెనీకైనా ఏదో ఒక వీధి అట్లాంటిది వుంటుంది.) మూడు నెలలు ఆయన సాయంకాలం పూట వీధి మొదట్లో వున్న వేపచెట్టు కింద కాపురం చేశారు. అందుకే పోర్టు చేసేముందు ఆ కంపెనీ సిమ్ము వున్నవారెవరినైనా ఇంటికి పిలిచి, వంటింట్లోనూ పడకగదిలోనూ ఫోను మాట్లాడించి చూడండి. ఒక కాఫీ ఖర్చుతో పోతుంది.

చిన్నాయన దగ్గరికి వద్దాం. ప్రీపెయిడ్ నంబరు వరసగా 90 రోజులు వాడకుండా వుంటే తీసివేసే హక్కు కంపెనీకి వుంది. ఖాతాలో ఇరవై రూపాయలుంటే నెలనెలా దానిలోంచి తీసుకుని నంబరు నిలిపే సదుపాయం కూడా వుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తీసేసిన నంబరును మరో 90 రోజులు పక్కన పెట్టి, తరవాత ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. ఇచ్చారు.

2024 ఎండాకాలంలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు చిన్నాయన కూతురు మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలేజీలో నన్ను సార్ అంటుంది, ఇంటి దగ్గర అన్నా అంటుంది. ఆ రాత్రి రెండూ కలిపి “అన్నా సార్” అన్నది. కౌన్సెలింగులో కాలేజీల ఎంపిక పెట్టుకోవడానికి మరునాడు సాయంకాలంతో గడువు సరి. పాస్‌వర్డు మరిచిపోయింది. కొత్తది కావాలంటే రిజిస్టరైన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు నాన్నది. దరఖాస్తు నింపిన నెట్ సెంటరు కుర్రాడు పాత కాగితాల్లో వున్న నంబరే దించేశాడు. నాన్న బెంగుళూరులో, కొత్త సిమ్ముతో. పాత సిమ్ము వక్కాకు సంచిలో, ప్రాణం లేకుండా.

చేసేదేమీ లేక ఆ పాత నంబరుకే ఫోను చేశాను. మోగింది. అవతల ఒక ఆడగొంతు.

“ఎవరండీ?”

గోదావరి జిల్లాల మాట. ఆరునెలలైంది తీసుకుని అన్నది. నేను నా పేరు, ఊరు, ఉద్యోగం చెప్పుకుని, సంగతంతా వివరించి, మీ ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, అది కొంచెం చదివి చెప్పాలమ్మా అన్నాను. అవతల కాసేపు మాటలేదు.

“ఓటీపీ ఎవరికీ చెప్పకూడదంటారు కదండీ?”

ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో ఊరూరా తిరిగి ఆ మాట చెప్పినవాణ్ణి నేను. ఏమని కాదనను? “మీరన్నది నిజమేనమ్మా” అన్నాను. నా పక్కన పిల్ల చున్నీ కొస నలుపుకుంటూ నిలబడింది. మా ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని, “అమ్మా, మాకూ ఆడపిల్లలున్నారు. మీ వారితో ఒక మాట అనుకుని చెప్పండి. మేము పొద్దున దాకా మెలకువగానే వుంటాం” అన్నది. నా ఎం.ఏ.కు తోచని వాక్యం.

అరగంటకు ఆమే చేసింది. ఈసారి భర్త కూడా వున్నాడు పక్కన. అమ్మాయి పేరు, తండ్రి పేరు, చదివిన గ్రూపు అన్నీ అడిగాడాయన, పెళ్ళిచూపుల్లో అడిగినట్టు. మెసేజిలో కౌన్సెలింగు అన్న మాట వుంటేనే చెబుతాం, బ్యాంకు అని వుంటే చెప్పం అని షరతు పెట్టాడు. సబబైన షరతు. మొదటిసారి వచ్చిన అంకెలకు కాలం తీరిపోయింది. రెండోసారి ఆమె ఒక్కొక్క అంకె విడదీసి, చంటిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు చెప్పింది. పది దాటాక పాస్‌వర్డు మారింది. పెట్టేముందు ఆమె ఒక మాటన్నది: “అన్నట్టండీ, ఎవరో బ్యాంకు వాళ్ళ మెసేజిలు వస్తున్నాయి, డబ్బు పడిందనీ తీశారనీ. మాది కాదు గదా అని తీసేస్తున్నాను. అవీ మీవేనా?”

ఒళ్ళు జల్లుమన్నది. ఆరునెలలుగా ఆయన పద్దు యావత్తూ ముక్కూమొహమూ తెలియని ఇంట్లో పడుతున్నది. వాళ్ళు మంచివాళ్ళు గనక సరిపోయింది. చిన్నాయనకు కబురు పెట్టి రప్పించాను. పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకులో ఒక పూట, వేలిముద్ర వేసి ఆధార్‌కు కొత్త నంబరు కలపడానికి ఇంకొక పూట, గ్యాసు, రేషను, పంటల నమోదు — ఒక నంబరు ఎన్ని చోట్ల వేళ్ళు తన్నిందో లెక్కపెట్టుకుంటూ వారం తిరిగాం. అయిదు పనిదినాల్లో తేలిపోవలసిన పని. అసలు చెయ్యనే అక్కరలేని పని. పాత సిమ్ముతోనే బెంగుళూరులో నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు.

ఆ వారం చివర్లో బ్యాంకు మెట్ల మీద కూర్చున్నప్పుడు, రోమింగు పోయి ఏడేళ్ళైందని ఆయనకు చెప్పాను. కాసేపు నా వంక చూశాడు.

“మరి నువ్వే చెప్పినావు గదప్పా, ఆపేయమని.”

“అప్పుడది నిజమే చిన్నాయనా. తరవాత మారిపోయింది.”

“మారిందని ఎవురూ చెప్పల్యా.” కోపంగా అనలేదు. వక్కాకు సంచి తీసి, ఆ పాత సిమ్ము చేతిలో పెట్టుకుని తిప్పి చూసుకున్నాడు. “ఏడేండ్లు మీ చిన్నమ్మ వారానికొక్క గంట...” అని, మాట పూర్తి చెయ్యకుండా సిమ్మును మళ్ళీ కాగితంలో మడిచి పెట్టుకున్నాడు. ఎందుకు చిన్నాయనా అది, పారెయ్యరాదా అంటే, వుండనీలే అన్నాడు.

ఇప్పుడు ప్రభుత్వం మారుమూల పల్లెల్లో తన నిధితో వేయించిన టవర్లను కంపెనీలన్నీ ఉమ్మడిగా వాడుకునే పద్ధతి తెచ్చింది. 2025 జనవరిలో ప్రారంభించారు. 27 వేల పైచిలుకు టవర్లు, 35 వేల పల్లెలు అన్నారు. ఒక కంపెనీ సిమ్ముతో ఇంకొక కంపెనీ టవరు కింద మాట్లాడుకోవచ్చు. అంటే సొంత సర్కిలులోనే రోమింగు, సుంకం లేకుండా. ఈసారి ఈ వార్త చదివిన రోజునే పక్కింటికి పోయి చెప్పాను. చిన్నాయన శ్రద్ధగా విని, “మల్ల మారితే మల్లొచ్చి చెప్పు” అన్నాడు.

మొన్న శనక్కాయ పెరికాక ఆయన మళ్ళీ బెంగుళూరికి బయలుదేరాడు. నాకూ పావగడలో పనుండి అదే బస్సులో పోయాను. పొలిమేర దగ్గరపడుతుండగా ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఫోను తీసి, పక్కనున్న మీట మీద బొటనవేలు పెట్టి, నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అంతలో ఫోను అదిరింది, కర్నాటకకు స్వాగతం. ఆ వెంటనే మోగింది. చిన్నమ్మ.

“ఆ, దాటినాంలే. ఇంగ ఎప్పుడైనా చేసుకో” అంటున్నాడు చిన్నాయన, బస్సంతా వినిపించేటట్టు. “డబ్బులు పడవంట. మన సారు చెప్పినాడు.”